పాత డీజిల్ బండి కొనాలనుకునేవారికి: ఇక నుంచి చల్లటి ఇంజిన్‌నే చూస్తాం

మా గ్యారేజీ కస్టమర్లందరికీ నమస్కారం.

ఈ మధ్య మాకు ఎక్కువగా వస్తున్న ప్రశ్న ఒకటే. "బడ్జెట్ తక్కువ. పాత డీజిల్ కారు ఒకటి బేరానికి వచ్చింది. రెండు లక్షల కిలోమీటర్లు దాటింది. తీసుకోమంటారా?" దాంతోపాటు నాలుగు ఫోటోలు, ఇంజిన్ రన్ అవుతున్న వీడియో ఒకటి. వీటిని చూసి తీసుకోండి అనో వద్దనో చెప్పడం మానేస్తున్నాం. మీరు కూడబెట్టుకున్న డబ్బు మీద ఊహతో మాట చెప్పడం మాకు ఇష్టం లేదు. దాని బదులు ఏం చేయబోతున్నామో, ఎందుకో రాస్తున్నాను.

వచ్చే నెల నుంచి పాత డీజిల్ బండిని అది ఉన్నచోటికే వెళ్లి, తెల్లవారాక ఇంకా ఒక్కసారి కూడా స్టార్ట్ చేయకముందే చూస్తాం. వేడెక్కిన ఇంజిన్‌తో గ్యారేజీకి తెచ్చిన బండికి మా మాట ఇవ్వం.

కారణం చెప్తాను. పెట్రోల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ నిప్పు పెడుతుంది. డీజిల్‌లో అది లేదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే ఇంధనం అంటుకోవాలి. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరిగి ఆ నొక్కుడు (కంప్రెషన్) తగ్గినా, ఇంధనం చిమ్మే ఇంజెక్టర్ సరిగా చిమ్మకపోయినా, స్టార్టింగ్‌కి ముందు లోపల వేడి చేసే గ్లో ప్లగ్ పోయినా ముందు బయటపడేది చల్లటి స్టార్టింగ్‌లోనే. పది నిమిషాలు తిరిగి వేడెక్కాక అదే ఇంజిన్ బుద్ధిగా నడుస్తుంది. అమ్మే ఆయన మర్యాద కొద్దీ ముందే స్టార్ట్ చేసి ఉంచవచ్చు, కావాలనీ ఉంచవచ్చు. అందుకే మేం చేసే మొదటి పని బానెట్ ఎత్తి ఇంజిన్ మీద చెయ్యి పెట్టడం. వెచ్చగా తగిలితే ఆ రోజుకి వెనక్కి వచ్చేస్తాం.

చల్లగా ఉంటే తాళం తిప్పి, డ్యాష్‌బోర్డు మీద కాయిల్ లైటు (గ్లో ప్లగ్ వేడెక్కుతోందని చెప్పే గుర్తు) ఆరేదాకా ఆగి సెల్ఫ్ కొడతాం. ఒకరం లోపల, ఒకరం సైలెన్సర్ దగ్గర. నల్ల పొగ వస్తే గాలి చాలడం లేదని, లేదా ఇంధనం ఎక్కువ పడుతోందని. ఎయిర్ ఫిల్టర్ నుంచి పగిలిన టర్బో (గాలిని ఇంజిన్‌లోకి గట్టిగా తోసే పరికరం) గొట్టం దాకా కారణం ఏదైనా కావచ్చు, చాలాసార్లు చిన్న ఖర్చుతోనే పోతుంది. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది, అక్కడ జాగ్రత్త. తెల్ల పొగ పచ్చి డీజిల్ వాసనతో కళ్లు మండిస్తూ వచ్చి కాసేపటికి తగ్గితే గ్లో ప్లగ్‌నో ఇంజెక్టర్‌నో చూడాలి. తియ్యటి వాసనతో, ఇంజిన్ వేడెక్కినా ఆగకుండా వస్తుంటే కూలెంట్ లోపలికి దిగుతోందన్న అనుమానం. ఇంజిన్ పైభాగం దగ్గర ఉండే సీలు, అంటే హెడ్ గ్యాస్కెట్, బాగుందో లేదో తేలేదాకా బేరం వద్దంటాం.

తర్వాత ఇంజిన్ నడుస్తుండగానే ఆయిల్ పోసే మూత విప్పి, తిరగేసి అక్కడే వదులుగా పెడతాం. కొద్దిగా ఆవిరి రావడం, మూత సన్నగా వణకడం మామూలే. మూత ఎగిరెగిరి పడుతూ, గుప్పుగుప్పున పొగ పైకి కొడితే దాన్నే మేం బ్యాక్ కంప్రెషన్ అంటాం. ఇంజిన్ లోపల అరిగి, బోరుకు వచ్చే (విప్పి బాగుచేయాల్సిన) దారిలో ఉందన్నమాట. ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ నల్లగా ఉందని చాలామంది భయపడతారు. ఆ భయం అక్కర్లేదు, డీజిల్‌లో మార్చిన కొన్నాళ్లకే ఆయిల్ నల్లబడుతుంది. భయపడాల్సింది మట్టం పై గీత దాటి ఉంటే. పోసేటప్పుడు ఎక్కువ పోసి ఉండాలి, లేకపోతే డీజిల్ వచ్చి ఆయిల్‌లో కలుస్తూ ఉండాలి.

ఇక స్కానర్, అంటే బండిలోని కంప్యూటర్‌కి తగిలించి లోపాలు చదివే పరికరం. లోపాల కోడ్‌లు ఏమీ లేకపోతే బండి బాగుందని చాలామంది అనుకుంటారు. కోడ్‌లు చెరిపేశాక బండి ఎంత దూరం తిరిగిందో చాలా కార్లలో కంప్యూటరే లెక్కపెట్టి ఉంచుతుంది. అక్కడ మరీ చిన్న అంకె కనబడితే, ఈ మధ్యనే ఎవరో చెరిపేశారని అర్థం. ఎందుకు చెరిపారో అమ్మేవారినే అడుగుతాం. రిపేరు చేయించాక చెరిపామంటే బిల్లు చూపించమంటాం.

ఇప్పుడు మీటర్ సంగతి. మీటర్ వెనక్కి తిప్పడం ఎప్పటి నుంచో ఉన్న మోసమే. స్టీరింగ్ నునుపుదేలి మెరుస్తూ, క్లచ్ పెడల్ రబ్బరు అరిగి లోహం కనిపిస్తూ, డ్రైవర్ సీటు అంచు కుంగిపోయి, మీటర్ మాత్రం చిన్న అంకె చూపిస్తుంటే నమ్మకండి. సర్వీస్ పుస్తకంలోనూ, పాత బిల్లుల మీదా రాసిన రీడింగ్‌లు వరుసగా పెరుగుతూ వచ్చాయో లేదో చూడండి.

అయితే నిజమైన రీడింగ్ పెద్దదైనంత మాత్రాన బండిని తోసిపుచ్చొద్దు. ఇది మేం గట్టిగా నమ్మే మాట. ఎక్కువగా హైవే మీద సగటున గంటకు 70 కిలోమీటర్ల వేగంతో 2,10,000 కిలోమీటర్లు తిరిగిన బండి ఇంజిన్ పనిచేసింది 3,000 గంటలు. ట్రాఫిక్‌లో సగటున 20 వేగంతో 90,000 తిరిగినదైతే 4,500 గంటలు. రెండో బండి మీటర్ చూస్తే చిన్నదిగా ఉంటుంది, కానీ దాని క్లచ్ వేలసార్లు ఎక్కువగా తొక్కబడింది, ఇంజిన్ ఎన్నోసార్లు చల్లగానే స్టార్టయి సరిగా వేడెక్కకముందే ఆగిపోయింది. వేళకు ఆయిల్ మార్చినట్టు బిల్లులున్న మొదటి బండికే నా ఓటు.

బండి ఎంత బాగున్నా మీరు దాన్ని ఎలా నడుపుతారన్నది ఇంకో సగం. పాత డీజిల్ కార్లు కొన్నింటిలో డీపీఎఫ్ ఉంటుంది, అంటే పొగలోని మసిని పట్టే జల్లెడ. అందులో పేరుకున్న మసి కాలాలంటే లోపల 600 డిగ్రీల దాకా వేడి పుట్టాలి. దానికి బండి కొంతసేపు ఆగకుండా, ఓ మాదిరి వేగంతో పోవాలి. పిల్లల్ని బడిలో దింపి, కూరగాయలు తెచ్చుకుని ఇంటికి వచ్చేసే రెండు మూడు కిలోమీటర్ల తిరుగుడులో ఆ పని సగంలోనే ఆగిపోతుంది. మసి కాల్చడానికని అదనంగా చిమ్మిన డీజిల్‌లో కొంత ఆయిల్‌లోకి జారుతుంది. పైన చెప్పిన మట్టం పెరగడం ఇలాగే మొదలవుతుంది. మసి కాలినా ఆయిల్ వల్ల ఏర్పడే బూడిద కాలదు, అందుకే ఎక్కువ తిరిగిన బండిలో డీపీఎఫ్‌కి ఎలాగూ ఖర్చు కాచుకుని ఉంటుంది. మీ తిరుగుడు అంతా చిన్న చిన్న దూరాలే అయితే పాత డీజిల్ మీకు వద్దు, చిన్న పెట్రోల్ బండి చూసుకోండి. లీటరుకి డీజిల్ ఎక్కువ మైలేజీ ఇస్తుందన్నది నిజమే. ఆ మిగులు కనబడాలంటే బండి దూరాలు తిరగాలి.

డబ్బు లెక్క కూడా మొహమాటం లేకుండా చెప్తాను. చేతిలో ఉన్నదంతా పెట్టి బండి కొనకండి. అందులో మూడో వంతు పక్కన పెట్టి, మిగిలిన దాంట్లో వచ్చే బండినే చూడండి. ఆ మూడో వంతు ముందు టైమింగ్ బెల్ట్‌కి, అంటే పిస్టన్లూ వాల్వులూ వేళ తప్పకుండా కలిసి నడిచేలా చూసే బెల్ట్‌కి. మార్చినట్టు బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకోండి. నడుస్తుండగా బెల్ట్ తెగితే పిస్టన్లు వెళ్లి వాల్వులకు కొట్టుకుంటాయి, పాత బండి విషయంలో ఆ రిపేరు కొన్న ధరను మించిపోవచ్చు. ఆ తర్వాతి వరుసలో ఇంజెక్టర్లు, టర్బో, క్లచ్‌తో పాటు ఉండే బరువైన చక్రం ఫ్లైవీల్ ఉంటాయి. బండి కదలకుండా ఇంజిన్ మాత్రం నడుస్తున్నప్పుడు (ఐడిల్‌లో) గడగడమంటున్న చప్పుడు క్లచ్ తొక్కగానే మారితే ఫ్లైవీల్‌ని చూడాల్సిందే. ఇవన్నీ ఒకేసారి రావు. ఒక్కటి వచ్చినా తట్టుకునే డబ్బు లేకపోతే చవగ్గా వచ్చిన బండి ఇంటి ముందే నిలబడిపోతుంది. ఆ టెన్షన్ మీకు వద్దు. మీ ఊళ్లో పాత డీజిల్ బండ్ల మీద ఏమైనా ఆంక్షలున్నాయేమో కూడా అడ్వాన్స్ ఇవ్వకముందే కనుక్కోండి.

ఇక మా వైపు సంగతి. పాత డీజిల్ మీరు కొంటే మా గ్యారేజీకి పని పెరుగుతుంది. కొనొద్దని చెప్తే ఆ పని రాదు. ఈ విషయం మీకు తెలిసి ఉండాలి. అందుకే బండి చూసినందుకు తీసుకునే ఫీజు మీరు కొన్నా, కొనకపోయినా ఒక్కటే. తర్వాతి రిపేరు బిల్లులో దాన్ని తగ్గించం, ఎందుకంటే అలా తగ్గిస్తే కొనమని చెప్పడానికి మాకు ఆశ పుడుతుంది. అమ్మేవారి నుంచి, మధ్యవర్తుల నుంచి కమీషన్ తీసుకోం. చూసినదంతా రాసి ఇస్తాం. ఇప్పుడే చేయించాల్సినవి, ఏడాదిలోపు రాబోయేవి, ఇంజిన్ విప్పకుండా మాకు కనబడనివి వేర్వేరుగా ఉంటాయి. మూడోదాన్ని దయచేసి చదవండి. కంటికి కనబడని దానికి మేం పూచీ పడలేం.

డీపీఎఫ్ తీసేసి ఖాళీ గొట్టం పెట్టమని కొందరు అడుగుతున్నారు. చేయం. చాలా దేశాల్లో అది చట్టానికి విరుద్ధం, పైగా ఆ మసి అంతా మీ వెనకే వస్తున్నవాళ్ల ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. శుభ్రం చేయించడం, మార్చడం, ఈ రెండే మా దగ్గర దారులు.

ఉదయాలు ఈ పనికి పోతాయి కాబట్టి మామూలు సర్వీసుకి బండ్లు వదిలేవారు కాస్త ఆలస్యంగా రావాల్సి ఉంటుంది. రోజుకి ఒక్క డీజిల్ బండినే చూడగలం, కాబట్టి వరుసలో ఆగాల్సి రావచ్చు. ఇప్పటికే ఫీజు కట్టి ఎదురుచూస్తున్నవారికి అదే ఫీజుతో కొత్త పద్ధతిలోనే చూస్తాం, అదనంగా ఏమీ కట్టక్కర్లేదు. అమ్మేవారికి ముందు రోజు రాత్రే ఫోన్ చేసి, మేం వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దని చెప్పండి. ఆయన ఒప్పుకోకపోతే మాకు ఒక కబురు పెట్టండి, మీ ఫీజు తిరిగి ఇచ్చేస్తాం.