రాజకీయ చర్చను నిషేధించకండి, ఆధారం అడగండి

గౌరవనీయ సంపాదకులకు,

నమస్కారం. హనుమకొండ, కాజీపేట, వరంగల్ కాలనీల సంక్షేమ సంఘాల వాట్సాప్ గ్రూపుల్లోనూ, చుట్టుపక్కల ఊళ్ల యువజన సంఘాల, పూర్వ విద్యార్థుల గ్రూపుల్లోనూ కొంతకాలంగా ఒక నిబంధన తరచుగా కనిపిస్తోంది: 'రాజకీయ పోస్టులు నిషేధం, పెట్టినవారిని తొలగిస్తాం.' ఈ నిబంధన పెట్టినవారి బాధ నాకు అర్థమవుతుంది. ఎన్నికలు దగ్గరపడ్డాయంటే చాలు, ఒకే వాడకట్టులో పుట్టి పెరిగినవాళ్లు, ఒకరి ఇంటి పెళ్లికి ఒకరు ముందు నిలబడినవాళ్లు, ఎవరో పంపిన ఒక ఫార్వర్డు మీద మాటామాటా పెంచుకుని పలకరింపులు కూడా మానేస్తున్నారు. అయినా ఈ నిషేధం తప్పని నేను గట్టిగా నమ్ముతున్నాను. రాజకీయం మాట్లాడవచ్చు గాని, మాట్లాడినవారు తమ మాటకు ఆధారం చూపాలి, అడిగినప్పుడు జవాబు చెప్పాలి అన్న నిబంధనను దాని స్థానంలో పెట్టాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

నిషేధం ఉన్న గ్రూపులో ఏం జరుగుతోందో గమనించండి. నాయకుల పుట్టినరోజు శుభాకాంక్షలు, వారు చేసిన శంకుస్థాపనల ఫోటోలు 'సమాచారం' పేరుతో వస్తూనే ఉంటాయి. 2020 ఆగస్టులోనూ, 2023 జూలైలోనూ వరద ముంచెత్తిన ఈ నగరంలో నాలాల మీది ఆక్రమణలు ఎంతవరకు తొలగించారు, భద్రకాళి చెరువు పూడికతీతకు ఎంత ఖర్చయింది అని ఎవరైనా అడిగితే మాత్రం 'ఇక్కడ రాజకీయం వద్దు' అన్న హెచ్చరిక వస్తుంది. అంటే పొగడ్తకు అడ్డు లేదు, ప్రశ్నకే అడ్డు. అధికారంలో ఏ పార్టీ ఉన్నా ఈ ఏర్పాటు వారికి హాయిగానే ఉంటుంది.

వాదనకు ఆధారం తోడు తెచ్చుకోవడం మన ప్రాంతానికి బాగా తెలిసిన విద్య. ఆంధ్ర, తెలంగాణ నాయకులు కుదుర్చుకున్న 1956 ఫిబ్రవరి 20 నాటి పెద్దమనుషుల ఒప్పందంలో ఏ హామీలు ఉన్నాయి, ఉద్యోగాలు స్థానికులకే అన్న ముల్కీ నిబంధనలు ఏమయ్యాయి, తెలంగాణలో నియమించిన స్థానికేతర ఉద్యోగులను వెనక్కి పంపాలంటూ 1985 డిసెంబరు 30న వచ్చిన 610 జీవో (ప్రభుత్వ ఉత్తర్వు) ఎందుకు అమలు కాలేదు, దాని అమలును పరిశీలించడానికి 2001లో వేసిన గిర్‌గ్లానీ కమిషన్ ఏం తేల్చింది అన్న సంగతులు తెలంగాణ ఉద్యమకాలంలో హనుమకొండ చౌరస్తాలో చాయ్ తాగే నిరుద్యోగి కూడా వివరించగలిగేవాడు. ఒక జీవో నంబరే నినాదంగా మారిన ప్రాంతమిది. అక్కంపేటలో పుట్టి, కాకతీయ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేసిన ఆచార్య కొత్తపల్లి జయశంకర్ గారు నీళ్లు, నిధులు, నియామకాల గురించి లెక్కలు ముందు పెట్టి మాట్లాడేవారు. ఆ లెక్క తప్పనదలచినవారు మరో లెక్క తేవలసి వచ్చేది, లేదా ఒప్పుకోవలసి వచ్చేది. ఆయనతో విభేదించినవారు సైతం ఆయన చూపిన అంకెలను పక్కకు నెట్టి మాట్లాడలేకపోయారు.

అంతకు ముందు తరంలో ఇంకా గొప్ప ఉదాహరణ ఉంది. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యమని, అంటే అసలు లేరని, ఒకరు రాసినప్పుడు సురవరం ప్రతాపరెడ్డి గారికి ఎంత కోపం వచ్చి ఉంటుందో మనం ఊహించగలం. ఆయన చేతిలో గోలకొండ పత్రిక ఉంది. ఆ రాసినవారిని అందులో వారాల తరబడి దుమ్మెత్తి పోయవచ్చు. ఆయన ఆ పని చేయకుండా 354 మంది కవుల పేర్లు, వివరాలు, పద్యాలు సేకరించి 1934లో గోలకొండ కవుల సంచికను అచ్చు వేయించారు. ఆక్షేపణకు అంతకు మించిన జవాబు లేదు, దాని తర్వాత ఆ ఆక్షేపణకు నిలబడే చోటూ లేదు. ఆయన తిట్టి ఊరుకుని ఉంటే ఆ తిట్లను ఈనాడు ఎవరూ గుర్తుంచుకునేవారు కారు, ఆ కవుల్లో ఎందరో మనకు తెలియకుండానే పోయేవారు.

ఇక ఇప్పటి మన చర్చల తీరు చూడండి. కాజీపేట కోచ్ ఫ్యాక్టరీ ప్రస్తావన వస్తే ఒక పక్షం, విభజన చట్టంలో రాసిచ్చిన ఫ్యాక్టరీని కేంద్రం ఎగ్గొట్టిందని అంటుంది. రెండో పక్షం, చట్టంలో అసలు అలాంటిదేమీ లేదంటుంది. ఇద్దరిలో చట్టం తెరిచి చూసినవారు తక్కువ. 2014 నాటి ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం పదమూడో షెడ్యూలులో, తెలంగాణలో రైలు కోచ్ ఫ్యాక్టరీ ఏర్పాటు సాధ్యాసాధ్యాలను రైల్వే శాఖ ఆరు నెలల్లోగా పరిశీలించి త్వరగా నిర్ణయం తీసుకోవాలని ఉంది. అదే షెడ్యూలులో గిరిజన విశ్వవిద్యాలయాన్ని మాత్రం కేంద్ర ప్రభుత్వం ఏర్పాటు చేయాలనే ఉంది. అయినా ములుగులో సమ్మక్క సారక్క విశ్వవిద్యాలయానికి సంబంధించిన బిల్లు పార్లమెంటు ఆమోదం పొందేసరికి 2023 డిసెంబరు వచ్చింది. 2023 జూలై 8న వరంగల్ వచ్చిన ప్రధానమంత్రి కాజీపేటకు సంబంధించి శంకుస్థాపన చేసింది వ్యాగన్ల తయారీ కేంద్రానికి. ఈ నాలుగు వాక్యాలు తెలిసిన మనిషి ఏ పార్టీవాడైనా సరే, అతని ప్రశ్నకు పదును వస్తుంది. ఆరు నెలల పరిశీలనలో ఏం తేలింది, ఆ నిర్ణయాన్ని రాష్ట్రానికి ఎప్పుడు తెలిపారు, చట్టంలో ఖాయంగా ఉన్న విశ్వవిద్యాలయానికి తొమ్మిదేళ్లకు పైగా ఎందుకు పట్టింది అని అతను అడగగలడు. తెలియని మనిషికి తిట్టు తప్ప వేరే సాధనం ఉండదు.

కాళేశ్వరం ఎత్తిపోతల పథకంలోని మేడిగడ్డ బ్యారేజీ విషయంలోనూ ఇదే వరుస. 2023 అక్టోబరు 21న బ్యారేజీ ఏడో బ్లాకు కుంగిన నాటి నుంచి మన గ్రూపుల్లో లక్ష కోట్లు గోదావరిలో కలిశాయన్న మాట ఒకటి, కుంగింది రెండు పిల్లర్లే కదా అన్న మాట మరొకటి ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి. కాళేశ్వరమంటే మేడిగడ్డతో పాటు అన్నారం, సుందిళ్ల బ్యారేజీలు, పంపుహౌసులు, సొరంగాలు, రిజర్వాయర్లు, కాలువలు కూడా కాబట్టి మొదటి మాట నిలవదు. గోదావరి నీటిని ఎత్తిపోసే వరుసలో మేడిగడ్డ మొదటి మెట్టు, అక్కడ నీరు నిలపకపోతే ఆ వరుసే ఆగుతుంది కాబట్టి రెండో మాటా నిలవదు. జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ నిపుణులు నివేదికలు ఇచ్చారు, 2024లో నియమించిన జస్టిస్ పినాకి చంద్ర ఘోష్ కమిషన్ 2025 జూలై ఆఖరున తన నివేదిక సమర్పించింది. వాటితో ఏకీభవించవచ్చు, తప్పుపట్టవచ్చు, న్యాయస్థానంలో సవాలు చేయవచ్చు. ఏది చేయాలన్నా ముందు వాటిలో ఏముందో తెలియాలి. భూపాలపల్లి జిల్లాలో, మన పక్కనే ఉన్న బ్యారేజీ గురించి మనకన్నా దూరంగా ఉన్నవాళ్లు తయారుచేసిన అర నిమిషం వీడియోలను నమ్మి మనలో మనం తగవులాడుకోవడం నన్ను నిజంగా బాధిస్తోంది.

నేను దస్తావేజులు రాసే వృత్తిలో ఉన్నాను. నూరు గజాల జాగా కొనే మనిషి లింకు డాక్యుమెంట్లు అడుగుతాడు, ఆ జాగా మీద పాత లావాదేవీలు చూపే ఈసీ తీయిస్తాడు, నాలుగు హద్దులు కళ్లతో చూసిగాని బయానా ఇవ్వడు. అదే మనిషి, తన పిల్లల చదువును, తన ఊరి నీటిని నిర్ణయించే విషయంలో ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో తెలియని మాటను చదివీ చదవకుండానే నలుగురికి పంపేస్తున్నాడు. ఆ జాగ్రత్తలో సగమైనా ఇక్కడ చూపగల శక్తి అతనికి ఉందని నాకు తెలుసు, ఎందుకంటే నా బల్ల ముందు కూర్చుని ఆ జాగ్రత్త చూపేది అతనే.

'నాకు వచ్చింది, పంపాను' అన్న సమాధానాన్ని మనం ఇక అంగీకరించకూడదు. 2018 మే నెలలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకారు ఇలాగే చేతులు మారి తెలంగాణ జిల్లాల్లో అమాయకుల మీద దాడులకు, ప్రాణనష్టానికి దారి తీసింది. దేశవ్యాప్తంగా జరిగిన అలాంటి ఘటనల తర్వాతనే ఆ ఏడాది జూలైలో వాట్సాప్ ఫార్వర్డు సందేశాలకు గుర్తు పెట్టడం, ఒకేసారి అయిదు చాట్లకు మించి పంపకుండా మన దేశంలో హద్దు విధించడం మొదలుపెట్టింది. చట్టం కూడా ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 353వ సెక్షన్, ప్రజల్లో భయాందోళనలు, వర్గాల మధ్య ద్వేషం రేపే ఉద్దేశంతో వదంతిని పుట్టించినవారితో పాటు దాన్ని వ్యాప్తి చేసినవారినీ శిక్షార్హులను చేసింది. అదే సెక్షన్‌లో, తాను చెప్పినది నిజమని నమ్మడానికి సహేతుకమైన కారణం ఉండి, దురుద్దేశం లేకుండా మాట్లాడినవారికి మినహాయింపు కూడా ఉంది. కాబట్టి పోస్టు పెట్టినవారిని ఆధారం అడగడం వారిని అవమానించడం కాదు. ఆ ఆధారమే రేపు వారికి రక్షణ.

అడ్మిన్లు రాజకీయ చర్చను నిషేధించడానికి చెప్పే అసలు కారణం పోలీసు కేసు భయం. సభ్యుల్లో ఎవరో పెట్టిన పోస్టుకు, అడ్మిన్ అయినంత మాత్రాన ఒక వ్యక్తిని నేరస్థుణ్ని చేయడం కుదరదని బొంబాయి హైకోర్టు 2021లో, కేరళ హైకోర్టు 2022లో చెప్పాయి. ఏది ఆపాలి, ఏది సాగనివ్వాలి అన్నదానికి సుప్రీంకోర్టు ఇచ్చిన కొలత కూడా మన ముందుంది. జస్టిస్ జాస్తి చలమేశ్వర్, జస్టిస్ రోహింటన్ నారిమన్‌ల ధర్మాసనం 2015 మార్చి 24న ఆన్‌లైన్‌లో అభ్యంతరకర సందేశాలు పంపడాన్ని నేరం చేసిన, సమాచార సాంకేతిక చట్టంలోని 66ఏ సెక్షన్‌ను కొట్టివేస్తూ, ఒక విషయాన్ని చర్చించడం, ఒక పక్షాన్ని సమర్థించడం, జనాన్ని ఉసిగొల్పడం అనే మూడింటిని వేరుచేసి చూపింది. మొదటి రెండూ, ఎదుటివారికి ఎంత రుచించకపోయినా, వాక్ స్వాతంత్ర్యంలో భాగాలే. ఉసిగొల్పడం దాకా వచ్చినప్పుడే ఆంక్షకు చోటు ఉంటుంది. మన అడ్మిన్లు ఈ కొలతను పట్టుకుంటే చాలు. ఏది నిజమో తేల్చే పని ప్రభుత్వానికే వదిలేద్దామనేవారూ ఉన్నారు. కేంద్ర ప్రభుత్వ వ్యవహారాలపై ఏది అబద్ధమో కేంద్రం నియమించిన విభాగమే తేల్చేలా 2023లో తెచ్చిన నిబంధనను 2024 సెప్టెంబరులో బొంబాయి హైకోర్టు కొట్టివేసిందని వారికి గుర్తుచేయడం సరిపోతుంది.

నేను కోరేది ఇంతే. ప్రభుత్వ ఉత్తర్వు గురించి రాస్తే దాని నంబరు, తేదీ రాయాలి. ఫోటో పెడితే అది ఎక్కడిదో, ఏనాటిదో చెప్పాలి. తప్పని తేలితే గుట్టుచప్పుడు కాకుండా చెరిపేసి ఊరుకోకుండా, ఏ గ్రూపులో పెట్టారో అదే గ్రూపులో తప్పని రాయాలి. నాయకుడి నిర్ణయాన్ని ఎంత తీవ్రంగానైనా విమర్శించవచ్చు, కాని గ్రూపులో మాట్లాడుతున్న సాటి మనిషి కులం, ఇల్లు, ఆడవాళ్ల జోలికి పోకూడదు. ఈ చివరిదాన్ని నేను అన్నింటికన్నా గట్టిగా అడుగుతున్నాను. మహిళా సంఘం సభ్యురాలు ఒకరు వడ్డీ లేని రుణం డబ్బులు ఎప్పుడు జమవుతాయని అడిగిన ప్రశ్నకు, ఆమె ఏ పార్టీ మనిషో, ఆమె చేత ఎవరు అడిగిస్తున్నారో అంటూ జవాబులు రావడం నేను చూశాను. ఆ తర్వాత ఆమె ఆ గ్రూపులో నోరు విప్పలేదు. ఆమెతో పాటు అదే ప్రశ్న మనసులో ఉన్న మిగతా అక్కలు, చెల్లెళ్లు కూడా ఊరుకున్నారు. రాజకీయాలు నిషేధించినా, బూతులు అనుమతించినా ముందుగా మూగబోయేది ఇలాంటివారి గొంతే.

ఆధారం ఎక్కడ దొరుకుతుందని అడిగేవారికి దారులు లేకపోలేదు. చట్టాలు, కేంద్ర గెజిట్లు ఎవరైనా చూసుకునేలా ఆన్‌లైన్‌లో ఉన్నాయి. జీవో కనిపించకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద జిల్లా కార్యాలయంలో పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టవచ్చు; సాధారణంగా 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. గ్రూపులో నెలల తరబడి సాగే తగవు చాలాసార్లు ఒక్క దరఖాస్తుతో తీరిపోతుంది.

ఈ పనిలో మీ పత్రిక చేయగలిగింది చాలా ఉంది. జిల్లా ఎడిషన్‌లో ప్రభుత్వ నిర్ణయం గురించి వార్త వేసినప్పుడు 'ఉత్తర్వులు జారీ అయ్యాయి' అని ముగించకుండా, ఆ ఉత్తర్వు నంబరు, తేదీ, జారీ చేసిన శాఖ పేరు వార్త చివర ఒక్క పంక్తిలో ఇవ్వండి. నిధులు మంజూరయ్యాయని రాస్తే, మంజూరు వేరు, విడుదల వేరు, ఖర్చు వేరు కాబట్టి అది ఏ దశో చెప్పండి. మామునూరు విమానాశ్రయం ఘనత ఎవరిదన్న తగవు వంటివి నడుస్తున్నప్పుడు ఇరుపక్షాల ప్రకటనలతో పాటు అనుమతుల తేదీలను వరుసగా ఒక చిన్న పట్టికలో అచ్చు వేయండి. మీ వార్తలో పొరపాటు దొర్లితే, సవరణను లోపలి పేజీ అడుగున వేయకుండా, ఆ వార్త వచ్చిన పేజీలోనే వేయండి.

ఇట్లు,
ఒక దస్తావేజు లేఖరి,
హనుమకొండ