చిన్న అద్దానికి నెల రోజులా?

ఎడిటర్ గారికి,

గజపతినగరం రోడ్డులో టిప్పర్ టైరు కింది రాయి ఎగిరొచ్చి మా ఎలక్ట్రిక్ కారు వెనక పక్క అద్దం పగిలింది. కిందికి దిగని, బాడీకి అతికించి ఉండే చిన్న అద్దం. సీటంతా పటిక పలుకుల్లాంటి ముక్కలే. సర్వీసు సెంటరులో స్టాకు లేదు, నెల ఆగమన్నారు. ఇన్సూరెన్సులో అద్దాలకు పాతబడ్డాయని తరుగు కోయరు కాబట్టి డబ్బు బాధ లేదు. బాధంతా వానతోనే. పాలిథిన్ కవరు, టేపు అంటించి రాత్రుళ్లు లేచి చూసుకున్నాను. చివరికి విశాఖలో పాత గమ్ము గీకి, కొత్త యురేథేన్ గమ్ముతో బిగించారు. పని ఒక్క పూటదే! కార్లు అమ్మే కంపెనీలు ఈ అద్దాలను విజయనగరంలోనూ స్టాకు ఉంచాలి.

– ఒక రిటైర్డ్ టీచర్, కంటోన్మెంట్, విజయనగరం