ఇన్‌హేలర్ స్టాకు ఎప్పుడొస్తుందండీ?

గౌరవనీయులైన రాష్ట్ర ఆరోగ్యశాఖ మంత్రి గారికి,

నమస్కారం. సోమవారం గ్రీవెన్స్‌లో ఇప్పటికి మూడు అర్జీలు ఇచ్చాను. మూడింటికీ 'మీ సమస్య పరిష్కరించబడింది' అని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ఆ సంగతి మా అమ్మ ఊపిరితిత్తులకు ఇంకా తెలిసినట్టు లేదు.

మాది ఉత్తరాంధ్రలో ఒక పల్లె. అమ్మ జీవితమంతా కట్టెల పొయ్యి దగ్గరే గడిచింది. పైగా అడ్డపొగ. నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం మా వైపు ఆడవాళ్లలో ఉన్నదే, మీకు కొత్త కాదు. చాన్నాళ్లు ఉబ్బసం అన్నారు. నిరుడు గొట్టంలోకి ఊదించి, ఎంఫిసీమా అని తేల్చారు. ఊపిరితిత్తుల్లో గాలి తిత్తుల గోడలు పాడయ్యాయట, మళ్లీ బాగుపడవట. చుట్ట మానేసి, రోజూ ఇన్‌హేలర్ పీలిస్తే ఉన్న ఊపిరి కాపాడుకోవచ్చన్నారు. అమ్మ మానేసింది. చిన్నప్పటి అలవాటండీ, అయినా మానేసింది.

మరి ఇన్‌హేలర్? మా పీహెచ్‌సీలో బీపీ, షుగర్ బిళ్లలు ఇస్తున్నారు, కాదనను. ఇన్‌హేలర్ అడిగితే మాత్రం 'ఇండెంట్ పెట్టాం' అంటారు, అంటే స్టాకు పంపమని పైకి రాశారట. తొమ్మిది నెలలుగా అదే ఇండెంట్. బదులుగా సాల్బుటమాల్ బిళ్లలు ఇస్తారు. అవి వేసుకుంటే చేతులు వణికి టీ గ్లాసు ఒలికిపోతుంది. బయట కొంటే పింఛనులో మొదటి కోత దానికే. అందుకని అమ్మ రెండుసార్లు పీల్చాల్సింది ఒకసారే పీల్చి, డబ్బా చెవి దగ్గర ఊపి చూసి, మళ్లీ కొంగున కట్టుకుంటుంది. తర్వాత అరుగు మీద మోకాళ్లకు మోచేతులు ఆనించి, ఈల వేస్తున్నట్టు పెదాలు ముడిచి గాలి వదులుతూ కూర్చుంటుంది. బాత్రూమ్‌కు పది అడుగులు. మధ్యలో రెండు చోట్ల ఆగాలి.

ఇప్పుడు రోజుకు 15 గంటలు ఆక్సిజన్ పెట్టమన్నారు. అప్పు చేసి 5 లీటర్ల మిషను కొన్నాం. దానికే నెలకు 150 యూనిట్లు దాటుతోంది. కరెంటు పోతే ఇంటిల్లిపాదికీ టెన్షన్.

అన్నట్టు, ఆసుపత్రిలో బెడ్ ఎక్కితే ఉచిత వైద్యం కార్డు పనిచేస్తుంది. ఈ ఏడాది రెండుసార్లు ఎక్కింది. ఆ ఖర్చుతో ఎన్ని ఇన్‌హేలర్లు వచ్చేవో మీ అధికారులను ఒకసారి లెక్క వేయమనండి. బెడ్ ఎక్కకుండా ఉండటానికి మాత్రం ఏ కార్డూ లేదు.

దండం పెట్టి అడుగుతున్నా, పీహెచ్‌సీకి ఇన్‌హేలర్లు పంపించండి. కరెంటు బిల్లు సంగతి కూడా చూడండి. ముందు ఇన్‌హేలర్లు పంపించండి. వచ్చే సోమవారం నాలుగో అర్జీ ఇస్తాను. దానికి మెసేజ్ మాత్రం వద్దండీ.

ఇట్లు,
ఆయాసం మనిషి కొడుకు