ఐసీయూ సిస్టర్ల పనిని కూడా కొలవండి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

గుంటూరు నుంచి ఒక ఐసీయూ స్టాఫ్ నర్సు నమస్కరించి రాసుకుంటున్న లేఖ. ఐసీయూలో పనికి తగ్గ సిస్టర్లు లేరని సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీలు ఇచ్చాం. విజయవాడ వచ్చి తమరి పేషీలోనూ ఇచ్చాం. ఆ అర్జీ తిరిగి తిరిగి మా ఆసుపత్రికే చేరింది. ఎవరి గురించి మొర పెట్టుకున్నామో వాళ్లే జవాబు రాశారు, మంజూరైన పోస్టుల ప్రకారం సిబ్బంది ఉన్నారని. ఆ తర్వాత అర్జీ పరిష్కారమైందని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. పరిష్కారం కాలేదయ్యా. అందుకే అందరూ చూసేలా రాయాల్సి వచ్చింది. ఆసుపత్రి పేరు రాయను. రాస్తే విచారణ అంటూ వచ్చేది మళ్లీ ఏదో ఒక సిస్టర్ మీదికే.

ప్రతి నెలా సమీక్షలో మా పని నాణ్యత చూస్తున్నారు. ఎందరికి బెడ్ సోర్ (ఒకే వైపు పడుకుని ఉండటం వల్ల పడే పుండు) వచ్చింది, ఎందరికి వెంటిలేటర్ వల్ల నిమోనియా వచ్చింది, ఎన్ని ట్యూబులు ఊడాయి, అన్నీ అడుగుతున్నారు. అడగాల్సిందే. మా ఇంట్లో వాళ్లు ఆ మంచం మీద ఉంటే మేమూ అడుగుతాం. కానీ ఆ రాత్రి ఆ సిస్టర్ చేతిలో ఎందరు రోగులున్నారు, వాళ్లు ఏ స్థితిలో ఉన్నారు అన్నదానికి ఆ ఫారంలో చోటే లేదు.

ఈ మధ్య జరిగిన ఒక నైట్ డ్యూటీ సంగతి చెబుతాను. ఒక సిస్టర్‌కు మూడు మంచాలు. ఒకదాని మీద పురుగుమందు తాగిన రైతు. మిర్చి, పత్తి పండే పల్నాడు పక్కనే ఉన్న మాకు ఈ కేసులు కొత్త కాదు. వెంటిలేటర్ మీద ఉన్నాడు. ట్యూబులోంచి, నోట్లోంచి నురగ ఊరుతూనే ఉంది, దాన్ని గొట్టంతో లాగేసి (సక్షన్) చెయ్యి తీసేలోగా మళ్లీ గరగర. విషానికి విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ నడుస్తుండటంతో కలవరపడి చేతులు విదిలిస్తున్నాడు. కాస్త పక్కకు తిరిగితే ట్యూబు పీకేసుకుంటాడు. ఇంకో మంచం మీద పక్షవాతం వచ్చిన భారీ మనిషి. ఆయన్ను పక్కకు తిప్పాలంటే ముగ్గురు కావాలి. ఉన్న ఒక్క ఎంఎన్‌ఓ (మగ నర్సింగ్ సహాయకుడు) స్ట్రెచర్ తోసుకుంటూ స్కానింగ్‌కు వెళ్లాడు. మూడో మంచం సెప్సిస్ కేసు, అంటే ఇన్ఫెక్షన్ ఒళ్లంతా దెబ్బతీసిన రోగి. బీపీ అంతా నార్‌అడ్రినలిన్ అనే మందు మీదే నిలబడి ఉంది. ఆ సిరంజి అయిపోకముందే ఇంకోటి కలిపి సిద్ధంగా పెట్టుకోవాలి, మార్చడం కాస్త ఆలస్యమైనా బీపీ పడిపోతుంది.

రెండు గంటలకోసారి పొజిషన్ మార్చాలని చార్టులో గడులు ఉంటాయి. ఆ రాత్రి పన్నెండింటి గడి, రెండింటి గడి ఖాళీగా ఉన్నాయి. చెయ్యని పనికి ఆ సిస్టర్ టిక్కు పెట్టలేదు. నాలుగింటికి పక్క వార్డు నుంచి ఇద్దర్ని బతిమాలి తెచ్చుకుని తిప్పితే, పక్షవాతం మనిషికి నడుము కింద చర్మం ఎర్రగా కంది ఉంది. వేలితో నొక్కితే తెల్లబడలేదు. బెడ్ సోర్ మొదలైనట్టే. పొద్దున డ్యూటీ అప్పగించేటప్పుడు (హ్యాండోవర్‌లో) ఆ సిస్టర్ ఉన్నది ఉన్నట్టు చెప్పింది. వారం తిరక్కముందే మెమో చేతికిచ్చారు. ఆ రెండు ఖాళీ గడులే సాక్ష్యం. అవి నింపేసి ఉంటే ఆ మెమో వచ్చేదే కాదు. నిజం రాసినవాళ్లకే శిక్ష పడితే రేపటి నుంచి అన్ని చార్టుల్లో అన్ని గడులూ నిండిపోతాయి, సమీక్షలో అంకెలు బాగానే కనబడతాయి. రోగి వీపు మాత్రం పుండు పడుతుంది. మాకున్న భయమంతా ఇదే.

నర్సు పనిని ఎలా కొలుస్తారని ఒక అధికారి మమ్మల్ని అడిగారు. కొలుస్తున్నారండీ. 1974లో టిస్ అనే స్కోరు వచ్చింది, అది ఎక్కువగా రోగికి జరిగే చికిత్సల్ని లెక్కపెట్టేది. అందులో మా పని చాలావరకు కనిపించడం లేదని తేలాక, 15 దేశాల్లోని 99 ఐసీయూల్లో గమనించి 2003లో నర్సింగ్ యాక్టివిటీస్ స్కోరు తయారుచేశారు. 23 అంశాలు. 100 పాయింట్లు అంటే ఒక నర్సు పూర్తి పని. ఒక్కో పాయింటు 24 గంటల్లో 14.4 నిమిషాలకు సమానం. అందులో వెంటిలేటర్ సాయానికి వేసింది 1.4 పాయింట్లే. అదే రోగిని రోజుకు మూడుసార్ల కంటే ఎక్కువ తిప్పితే 12.4, తిప్పడానికి ముగ్గురు కావాల్సి వస్తే 17. శుభ్రం చేయడానికి ఒక షిఫ్టులో నాలుగు గంటలు దాటితే 20. రోగి బంధువులతో మూడు గంటలు, ఆపైన మాట్లాడాల్సి వస్తే 32. రాతపని ఎక్కువైతే దానికీ పాయింట్లున్నాయి. ఎన్టీఆర్ వైద్యసేవ పథకం కేసుల్లో ఎంత రాయాలో తమరికి తెలిసిందే.

ఆ 32 చూసినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. ఆ రాత్రి రైతు భార్య తలుపు సందులోంచి "సిస్టరమ్మా, బతుకుతాడా?" అని అడుగుతూనే ఉంది. ఆమె దగ్గర రెండు నిమిషాలు నిలబడే వీలు ఎవరికీ లేకపోయింది. పొద్దున ఆమె తమ్ముడు సిస్టర్ల మీద అరిచి వెళ్లాడు. అతని మీద మాకు కోపం లేదు. చెప్పేవాళ్లు లేకపోతే ఎవరైనా అలాగే అరుస్తారు.

మంచాలను బట్టి పోస్టులు లెక్కేస్తే ఆ ముగ్గురు రోగులూ ఒకటే. పాయింట్లు వేసి చూస్తే అక్కడ ఒక్క మనిషి చాలదని ఎవరికైనా తెలుస్తుంది. ఐసీయూలో ప్రతి షిఫ్టులో మంచానికొక నర్సు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ఎప్పటి నుంచో చెబుతోంది. సెలవులకు రిజర్వు అదనం. మా దగ్గర ఒక సిస్టర్‌కు జ్వరం వస్తే పక్కన సిస్టర్‌కు ఇంకో మంచం పెరుగుతుంది. యూరప్‌లో 9 దేశాల ఆసుపత్రుల మీద 2014లో వచ్చిన అధ్యయనంలో, ఒక్కో నర్సుకు ఒక్కో రోగి పెరిగిన కొద్దీ ఆపరేషన్ అయినవాళ్లు 30 రోజుల్లోపు చనిపోయే ముప్పు 7 శాతం చొప్పున పెరిగిందని తేలింది. మనకు పరాయి దేశాల లెక్క ఎందుకంటారేమో. మన లెక్క తీయమనే కదా మేం అడుగుతున్నది!

పోస్టులన్నీ రేపే ఇవ్వమనడం లేదయ్యా. ముందు కొలవండి. గుంటూరు, విజయవాడ ఐసీయూల్లోనైనా మొదలుపెట్టండి. ప్రతి రోగికీ రోజుకోసారి ఈ స్కోరు వేయించండి. ఆ పని మళ్లీ మా నెత్తినే పెట్టకుండా ఒక మనిషిని ఇవ్వండి. బెడ్ సోర్ అంకె పక్కనే ఆ రోజు నర్సు స్కోరు కూడా సమీక్షలో చూడండి. కొత్త పోస్టులకు ఆ లెక్కే ఆధారం చేసుకోండి. వెంటిలేటర్ మంచానికి మాత్రం ఒక సిస్టర్ తప్పనిసరిగా ఉండేలా ఇప్పుడే ఆదేశాలివ్వండి, నైట్‌లో అయినా, పండగ రోజయినా. నైట్‌కు ఇంకో ఎంఎన్‌ఓను, ఒక ఎఫ్‌ఎన్‌ఓను (ఆడ నర్సింగ్ సహాయకురాలిని) ఇవ్వండి. చెయ్యలేకపోయిన పనిని చెయ్యలేదని నిజాయితీగా రాసిన సిస్టర్‌కు మెమో ఇవ్వకూడదని సర్క్యులర్ పంపండి. మా సిస్టర్‌కు ఇచ్చిన మెమో వెనక్కి తీయించండి.

ఈసారైనా ఈ లేఖను మా ఆసుపత్రికి పంపి జవాబు రాయమనకండి. తమరి శాఖ నుంచి ఎవరినైనా ఒక రాత్రి ఐసీయూకు పంపండి. పది గంటల నుంచి పొద్దున హ్యాండోవర్ దాకా మాతోపాటు ఉండి, చూసింది రాయమనండి.

ఇట్లు,
ఐసీయూ స్టాఫ్ నర్సు,
గుంటూరు