సరిహద్దు సంగతి సరే, ముందు టాయిలెట్ డబ్బా చూసుకోండి

సంపాదకుల వారికి నమస్కారం.

మోటార్‌హోమ్‌లో యూరప్ చుట్టిరావడం మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం ఆసక్తిగా ఉంది. కానీ పొయ్యి, పడక, బాత్‌రూమ్ అన్నీ బండిలోనే ఉంటాయి కాబట్టి ఎవరి మీదా ఆధారపడక్కర్లేదు అన్న మాటను అలా వదిలేయకూడదు. 2020 మార్చిలో కొవిడ్ వచ్చిపడి, స్పెయిన్, పోర్చుగల్ తీరాల్లో చలికాలం గడుపుతున్న బండ్లన్నీ ఒక్కసారిగా ఇంటిదారి పట్టినప్పుడు ఆ మాట ఎంతవరకు నిజమో తేలిపోయింది. బ్రిటన్‌లో, జర్మనీలో స్థిరపడి ఇలాంటి బండ్లు కొనుక్కుంటున్న మన కుటుంబాలకు ఆనాటి లెక్కలు తెలిసి ఉండటం అవసరం.

స్పెయిన్ మార్చి 14న అత్యవసర స్థితి ప్రకటించింది. 17 నుంచి భూ సరిహద్దుల్లో తనిఖీలు, అదే రోజు మధ్యాహ్నం నుంచి ఫ్రాన్స్‌లో లాక్‌డౌన్. 19న స్పెయిన్ హోటళ్లతో పాటు క్యాంప్‌సైట్లనూ మూసేయాలని ఉత్తర్వు ఇచ్చి వారం గడువు పెట్టింది. అందరూ సరిహద్దు దాటనిస్తారా లేదా అని భయపడ్డారు గానీ, సొంత దేశానికి తిరిగి వెళ్తున్నవాళ్లకు దారి ఇచ్చారు. చిక్కు వచ్చిపడింది వేరేచోట. నీళ్లు పట్టుకునే కుళాయి, టాయిలెట్ ఖాళీ చేసే తొట్టి, గ్యాస్ సిలిండర్ మార్చుకునే చోటు చాలావరకు క్యాంప్‌సైట్లలోనే ఉంటాయి. అవి మూతపడితే బండి దగ్గర ఉన్నదే సరుకు.

ఆ సరుకు ఎన్నాళ్లు వస్తుంది? దక్షిణ స్పెయిన్‌లోని మలగా నుంచి మాడ్రిడ్, సరిహద్దు ఊరు ఇరున్ మీదుగా, ఇంగ్లండ్‌కు దాటే ఫ్రాన్స్ రేవు కలే వరకు సుమారు 2,100 కిలోమీటర్లు. గంటకు 90 కిలోమీటర్లు దాటకుండా, రోజుకు ఏడెనిమిది గంటలు నడిపితే నాలుగు రోజులు, మూడు రాత్రులు. మూడున్నర టన్నుల బండి వంద కిలోమీటర్లకు 11 లీటర్లు తాగుతుందనుకుంటే 230 లీటర్ల డీజిల్. బంకులు తెరిచే ఉన్నాయి కాబట్టి దానికి లోటు లేదు. వంద లీటర్ల నీళ్ల ట్యాంకు, షవర్ జోలికి పోకపోతే, ఇద్దరికి ఐదు రోజులు వస్తుంది. ఫ్రిజ్, బండి నడుస్తున్నంతసేపు ఇంజిన్ కరెంటు మీద, బండి ఆగాక గ్యాస్ మీద పనిచేస్తుంది. రాత్రి హీటర్ వేసుకున్నా 11 కిలోల గ్యాస్ సరిపోతుంది. అన్నిటికంటే ముందు నిండిపోయేది టాయిలెట్ క్యాసెట్, అంటే టాయిలెట్ కింద మలమూత్రాలు చేరే డబ్బా. దాని పరిమాణం 18 లీటర్ల దరిదాపు. ఇద్దరు మనుషులకు మూడు రోజులు, జాగ్రత్తగా వాడితే మూడున్నర. అంటే ప్రయాణం కంటే అర రోజు తక్కువ. కాబట్టి క్యాంప్‌సైట్ మూసేస్తున్నారన్న కబురు రాగానే చేయాల్సిన మొదటి పని క్యాసెట్ కడిగి, నీళ్లు నింపి, గ్యాస్ పూర్తిగా ఉందో లేదో చూసుకోవడం. గడువు చివరి రోజు దాకా ఆగితే అందరూ ఆ ఒక్క తొట్టి దగ్గరే వరుస కడతారు.

దారిలో క్యాసెట్ నిండితే ఏం చేయాలో ఎవరూ రాయరు, సిగ్గుపడి కాబోలు. మామూలు టాయిలెట్‌లో పోయవచ్చు, నిర్వాహకుల్ని అడిగి. వాననీటి కాలువలో, రోడ్డు పక్క డ్రైనేజీలో మాత్రం పోయకండి. క్యాసెట్‌లో వేసే, ఫార్మాల్డిహైడ్ అనే రసాయనం ఉన్న నీలం మందు సెప్టిక్ ట్యాంకులోని బ్యాక్టీరియాను చంపేస్తుంది. ఇలాంటి రోజుల్లో అది లేని ఆకుపచ్చ మందు వాడటమే మేలు. ఖాళీ చేసేటప్పుడు బండి బయటి తలుపు తీసి డబ్బాను బయటకు లాగి, మెడగొట్టాన్ని బయటికి తిప్పి, మూత విప్పాలి. గొట్టం కిందికి వంచాకే బొటనవేలితో గాలి బటన్ నొక్కిపట్టాలి. అది నొక్కకపోతే గాలి లోపలికి పోయే దారి లేక గుడగుడమంటూ మీదికి చిమ్ముతుంది. ముందే నొక్కితే ఆ రంధ్రంలోంచే కారుతుంది.

గ్యాస్ దగ్గర చాలామంది మోసపోయేది అమరికలో. ఒక దేశం సిలిండర్ ఇంకో దేశంలో మార్చుకోరు, రెగ్యులేటర్ కూడా కుదరదు. బంకులో ఎల్పీజీ నింపుకునే సిలిండర్ ఉన్నవాళ్లు కూడా నాజిల్ అడాప్టర్లు వెంట ఉంచుకోవాలి. బంకు నాజిల్ రకం దేశాన్ని బట్టి మారుతుంది: బ్రిటన్‌లో బాయొనెట్, ఫ్రాన్స్‌లో, ఇటలీలో డిష్, జర్మనీలో, బెల్జియంలో ఆక్మే, స్పెయిన్, పోర్చుగల్‌లలో యూరోనాజిల్. మార్పిడి సిలిండర్‌ను బంకులో నింపించుకునే సాహసం వద్దు. నింపే సిలిండర్లో 80 శాతం దగ్గర ఆపే వాల్వు ఉంటుంది, మామూలు దాంట్లో ఉండదు. అంచుదాకా ద్రవం నిండితే ఎండకు వ్యాకోచించడానికి జాగా మిగలదు. ఇంకోటి, స్పెయిన్‌లో దొరికే బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరి కావడం మానేస్తుంది. మార్చి రాత్రి ఉత్తరాన హీటర్ ఆరిపోతే సిలిండర్ ఖాళీ అయిందనుకుంటారు. ఆ చలికి ప్రొపేనే కావాలి.

మూడు నెలలు కదలకుండా నిలబడిన బండిని ఎకాఎకి రోడ్డెక్కించకండి. టైర్లలో గాలి, ఇంజిన్ బ్యాటరీ, డీజిల్ పొగను శుభ్రపరిచే ద్రవం యాడ్‌బ్లూ చూడండి. యాడ్‌బ్లూ పూర్తిగా అయిపోతే నడుస్తున్న ఇంజిన్ ఆగదు గానీ, మీరు ఆపితే మళ్లీ స్టార్ట్ కాదు. పది లీటర్ల డబ్బా ఒకటి వెంట ఉంటే ఆ బెంగ ఉండదు.

కాగితాల విషయానికి వస్తే, ఆ లాక్‌డౌన్‌లో ఫ్రాన్స్‌లో బయట తిరిగే కారణం చెప్పే ధ్రువపత్రం మనిషికొకటి, దాని మీద తేదీ, సమయం, సంతకం తప్పనిసరి చేశారు. లేకపోతే 135 యూరోల జరిమానా వేసేవారు. ప్రింటర్ లేనివాళ్లు తెల్లకాగితం మీద చేత్తో రాసినా ఒప్పుకున్నారు. ఏప్రిల్‌లో దేశం గుండా దాటిపోయేవాళ్లకు వేరే పత్రం వచ్చింది. ఎక్కడ ఆపినా, ఇంటికే వెళ్తున్నామనడానికి గట్టి సాక్ష్యం ఇంగ్లండ్ వెళ్లే ఫెర్రీ లేదా సముద్రం కింది సొరంగం రైలు టికెట్టే. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు నివాస అనుమతి కార్డును పాస్‌పోర్టుతో పాటే పెట్టుకోవాలి. ఆ మార్చిలో యూరోపియన్ యూనియన్ పెట్టిన ప్రవేశ ఆంక్షల్లో, ఇంటికి తిరిగి వెళ్లే నివాసులకు మినహాయింపు ఇచ్చింది ఆ కార్డు ఆధారంగానే. దారిని జీపీఎస్‌కి వదిలేయకండి. పోర్చుగల్, స్పెయిన్ మధ్య తొమ్మిది చోట్ల మాత్రమే దాటనిచ్చారు. జీపీఎస్ మాత్రం దగ్గర దారని మూసేసిన పల్లె వంతెన దగ్గరికి తీసుకుపోతుంది. విలార్ ఫోర్మోసో, కాయా లాంటి పెద్ద దారులే పట్టాలి.

హైదరాబాద్ నుంచి వచ్చి అద్దెకు తీసుకున్నవాళ్ల పరిస్థితి వేరు. మార్చి 22 నుంచి భారత్‌కు అంతర్జాతీయ వాణిజ్య విమానాలు ఆగిపోయాయి, చిక్కుకుపోయినవాళ్లను వెనక్కి తెచ్చే ప్రభుత్వ వందే భారత్ విమానాలు మే 7న గానీ మొదలు కాలేదు. బండిని తీసుకున్న డిపోకే అప్పగించాలి కాబట్టి, వార్తలు వేడెక్కగానే ఆ దేశంలోకి చేరిపోవడం ఉత్తమం. వీసా గడువు పొడిగింపు అడగాల్సింది కూడా ఉన్న దేశంలోనే.

2021 శీతాకాలానికి కొవిడ్ పరీక్షల గొడవ వచ్చింది. జనవరి 31 నుంచి భూమార్గాన ఫ్రాన్స్‌లోకి రావడానికి 72 గంటల్లోపు పీసీఆర్, ఇంగ్లండ్ ఎక్కే ముందు మూడు రోజుల్లోపు పరీక్ష. గంటలు లెక్కించింది నమూనా ఇచ్చిన క్షణం నుంచి, ఫలితం వచ్చినప్పటి నుంచి కాదు. మలగాలో ఇచ్చిన నమూనా నాలుగు రోజుల దారిలో కలే చేరేసరికి చెల్లేది కాదు. ఒకటి స్పెయిన్‌లో, రెండోది ఫ్రాన్స్‌లో చేయించుకోక తప్పలేదు. ఆ ఏడాది ఆగస్టు 2 దాకా బ్రిటిష్ బండ్లకు బీమా ఉందని చూపే గ్రీన్ కార్డు కూడా కావాల్సి వచ్చింది.

కలే చేరాక సొరంగం రైలు ఎక్కేవాళ్లు గ్యాస్ కుళాయి కట్టేసి ఉంచాలి, సిబ్బంది చూస్తారు. స్థిరమైన ట్యాంకయితే 80 శాతానికి మించి నిండి ఉండకూడదు. ఇంజినే ఎల్పీజీతో నడిచే బండిని అసలు ఎక్కనివ్వరు, అలాంటివాళ్లు ముందే ఫెర్రీ టికెట్ తీసుకోవాలి.

– మోటార్‌హోమ్ నడిపే ఒక పాఠకుడు, ఇంగ్లండ్