వార్షిక నివేదిక: కొండ చీపురు గడ్డి పెంపకం

సంఘ సభ్యులందరికీ నమస్కారాలు.

పాడేరు, అరకు కొండల్లో సంక్రాంతి దాటాక మన ఇళ్లకు నాలుగు డబ్బులు తెచ్చేది కొండ చీపురే. అడవిలో దానంతట అది మొలిచే ఈ గడ్డిని సొంత పోడు వాలుల్లో కూడా నాటుకోవాలని గత వార్షిక సమావేశంలో అందరం కలిసి నిర్ణయించుకున్నాము. ఈ సంవత్సరం సంఘం పని దాదాపుగా దాని చుట్టూనే సాగింది కనుక, నారుమడి మొదలుకొని సంత వరకు జరిగిన పనినీ, సభ్యులు గుర్తుంచుకోవలసిన విషయాలనూ ఇక్కడ పొందుపరుస్తున్నాము.

శాస్త్రజ్ఞులు థైసనోలీనా లాటిఫోలియా అని పిలిచే ఈ గడ్డి తూర్పు కనుమల్లోనే కాక హిమాలయ సానువుల్లోనూ, ఈశాన్య రాష్ట్రాల్లోనూ పెరుగుతుంది. మేఘాలయలో రైతులు దీన్ని పంటగానే సాగు చేస్తున్నారు. ఒకసారి నాటిన దుబ్బు ఏళ్ల తరబడి బతుకుతుంది. రాళ్లు తేలిన వాలులో కూడా నిలదొక్కుకొని, దట్టమైన వేళ్లతో మట్టిని పట్టి ఉంచుతుంది. ప్రతి వానకూ పోడు చేలలోని పైమట్టి గెడ్డలోకి కొట్టుకుపోవడం కళ్లారా చూస్తున్న మనకు, చీపురుకు వచ్చే ధర కన్నా ఈ గుణమే విలువైనదని కార్యవర్గం అభిప్రాయం.

నారును రెండు విధాలుగా సిద్ధం చేశాము. విత్తనం నూగులా ఉంటుంది, ఊపిరి తగిలినా ఎగిరిపోతుంది. అందుకని దాన్ని సన్నని ఇసుకలో కలిపి, వేసవి మొదట్లో నీడ ఉన్న మడులపై పలుచగా చల్లి, ఎండుగడ్డి కప్పి, మొలక వచ్చేవరకు నీళ్లు చిలకరిస్తూ తడి ఆరకుండా చూశాము. మొలక ఎంత చిన్నదంటే, బిందెతో నీళ్లు పోస్తే మట్టితోపాటు కొట్టుకుపోతుంది. రెండవది దుబ్బును చీల్చి నాటడం. ముదురు దుబ్బును తవ్వి, ఒక్కో ముక్కకు రెండు మూడు పిలకలు, వాటికి దుంపవేరు ఉండేలా విడదీసి, పై ఆకును జానెడు ఎత్తుకు కోసి నాటుకోవాలి. ఇలా నాటినవి త్వరగా కుదురుకుంటాయి గానీ, ఎక్కువ నేలకు సరిపడా పిలకలు కావాలంటే ఉన్న దుబ్బులనే పాడుచేసుకోవలసి వస్తుంది. అందుచేత కొత్తగా నాటేవారికి విత్తనపు నారునూ, పాత చేలో ఖాళీలు నింపుకొనేవారికి పిలకలనూ సూచిస్తున్నాము.

తొలకరి పడి నేల బాగా నానిన తరువాత, మృగశిర, ఆరుద్ర కార్తెల్లో నాట్లు వేశాము. వాలుకు అడ్డంగా వరుసలు తీసి, మొక్కకూ మొక్కకూ మధ్య 2 మీటర్లు వదిలితే ఎకరానికి సుమారు 1000 మొక్కలు పడతాయి. గొయ్యికి కాస్త పశువుల ఎరువు చాలు. మొదటి ఏడాది కలుపు తీయడం, పశువులు మేయకుండా కాపాడడం తప్పనిసరి. వరుసల మధ్య ఖాళీలో పసుపో, అల్లమో వేసుకోవచ్చు. చెప్పుకోదగ్గ దిగుబడి రెండో ఏడాది నుంచి మొదలై, మూడు నాలుగు ఏళ్లలో బాగా పెరుగుతుంది. ఆ తరువాత దుబ్బు మధ్యభాగం ఎండిపోతూ కంకులు తగ్గుతాయి కనుక, అప్పుడు చీల్చి మళ్లీ నాటుకోవాలి.

సభ్యులను మేము ముఖ్యంగా కోరేది కోత విషయంలోనే. అడవిలో ముందు వెళ్లినవారికే చీపురు దక్కుతుందన్న ఆత్రంతో కంకి పచ్చిగా ఉండగానే పీకేయడం మన ఊళ్లలో ఏటా జరుగుతున్నది. పచ్చి కంకి ఎండితే ముడుచుకుపోయి తూకం రాదు, చీపురు మన్నదు. అలాగని బాగా ముదరనిస్తే పుల్లలు పెళుసెక్కి విరిగిపోతాయి. ఆకుపచ్చ తగ్గి కంకి లేత ఎరుపు ఛాయకు తిరిగినప్పుడు కోయడమే సరైనది. ఒకే దుబ్బులో కంకులన్నీ ఒకేసారి పక్వానికి రావు కాబట్టి విడతలవారీగా కోసుకోవాలి. చేత్తో లాగితే కంకితోపాటు పక్కనున్న లేత పిలక కూడా ఊడివస్తుంది; అది వచ్చే ఏటి పంట. కొడవలితోనే కోయాలని గ్రామసభలలో చేసిన తీర్మానాన్ని ప్రతి కుటుంబమూ పాటించాలి. అటవీ హక్కుల చట్టం, 2006 చిన్నతరహా అటవీ ఉత్పత్తుల సేకరణపై మనకు హక్కునిచ్చింది. అడవి దుబ్బులను కాపాడుకొనే బాధ్యత కూడా ఆ హక్కుతోపాటే మనపై ఉన్నది.

కోసిన కంకులను ఎండలో ఆరబెట్టి, బండకేసి దులిపి నూగు రాల్చి, పొడవును బట్టి వేరుచేసి కట్టలు కట్టినవారికి సంతలో మంచి ధర పలికింది. తడి ఆరకుండా కట్టినవి బూజు పట్టాయి. గిరిజన సహకార సంస్థకు అమ్మదలచినవారు సరుకును విడివిడిగా కాక ఊరంతా ఒకచోట చేర్చి తూకం వేయించుకోవడం మేలు. కోత తరువాత మిగిలిన ఆకు పశువుల మేతకు, ఎండు కాడలు వంటచెరకుకూ, చిక్కుడు పాదులకు ఊతంగానూ పనికివస్తాయి.

వచ్చే సంవత్సరం ప్రతి ఊరిలో ఒక నారుమడి వేయాలనీ, గెడ్డల ఒడ్డున కోతకు గురవుతున్న వాలులకే నాట్లలో మొదటి స్థానం ఇవ్వాలనీ కార్యవర్గం ప్రతిపాదిస్తున్నది. విత్తనం నిలవ ఉంచితే మొలక శక్తి తగ్గుతుంది కాబట్టి, నారు కావలసిన సభ్యులు కంకులు పండకముందే తమ ఊరి ప్రతినిధి వద్ద పేరు నమోదు చేయించుకోవాలని కోరుతున్నాము.