మాడిపోయిన ఎల్‌ఈడీ బల్బును ఎక్కడ ఇవ్వాలి? ఇంధన శాఖ మంత్రివర్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర ఇంధన శాఖ మంత్రివర్యులకు,

నమస్కారాలు. నెల్లూరు జిల్లా ఆత్మకూరు దగ్గరి ఒక పల్లె నుంచి రాస్తున్నాను. మా అమ్మ వంటింట్లో మొన్నటి వేసవి దాకా 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు వెలిగేది. అది మాడిపోయిన మర్నాడే ఆమె అంగడి నుంచి 60 క్యాండిల్ (60 వాట్ల) పాతరకం బల్బు తెప్పించి హోల్డరుకు తగిలించింది. ఎందుకమ్మా అని అడిగితే, "ఇది ఇరవై, అది తొంభై. రెండూ పోయేవే అయినప్పుడు తొంభై పెట్టేదెందుకు నాయనా" అంది. ఆ మాటకు నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

లెక్క ప్రకారం ఆమెది పొరపాటే. రోజుకు ఐదు గంటలు వెలిగితే 60 వాట్ల బల్బుకు నెలకు 9 యూనిట్లు ఖర్చవుతాయి, 9 వాట్ల ఎల్‌ఈడీకి ఒకటిన్నర యూనిట్ కూడా కాదు. అలాంటివి మూడు బల్బులుంటే నెలకు 20 యూనిట్లకు పైగా తేడా వస్తుంది. వాడకం 75 యూనిట్లు దాటితే ఆపై యూనిట్లకు ఎక్కువ ధర కట్టాల్సిన మా బోటి ఇళ్లకు ఇది చిన్న తేడా కాదు. మా జిల్లాలోనే కృష్ణపట్నం దగ్గర నేలటూరులో బొగ్గు మండించి తీస్తున్న కరెంటులో నూటికి తొంభై వంతులను ఆ పాత బల్బు వెలుతురుగా కాక వట్టి వేడిగా వదిలేస్తుందని తలచుకుంటే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

2015 జనవరిలో కేంద్రం ఉజాలా పథకాన్ని ప్రారంభించిన రోజుల్లో, మన రాష్ట్రంలో పాత బల్బులు తీసుకుని పది రూపాయలకొక ఎల్‌ఈడీ బల్బు ఇచ్చారు. జనం వరుసల్లో నిలబడి తెచ్చుకున్నారు. అది మంచి పని. అయితే ఆ బల్బు పోయాక ఏం చేయాలో మా ఊళ్లో ఎవరూ చెప్పలేదు.

అమ్మ పక్కన పడేసిన బల్బును బస్టాండు దగ్గర రిపేరు చేసే కుర్రాడి దగ్గరికి తీసుకెళ్లాను. అతను పైనున్న తెల్లటి గిన్నె ఊడదీసి చూపించాడు. లోపలి పలక మీది చిన్న చిన్న పసుపు గింజల్లో ఒక్కదాని మధ్య ఆవగింజంత నల్లచుక్క ఉంది. అవన్నీ ఒకే వరుసలో కలిపి ఉంటాయి కనుక ఒక్కటి కాలితే మిగతావి బాగున్నా బల్బు వెలగదట. సాయంత్రం పూట వోల్టేజీ ఎగుడుదిగుడులకు, వేడి బయటికి పోయే దారి సరిగా లేని చౌకరకం తయారీకి ఇలాంటివి తన దగ్గరికి చాలానే వస్తున్నాయని చెప్పాడు. నేను అడిగిన మూడు అంగళ్లలోనూ గ్యారంటీ కార్డు ఇచ్చేవాళ్లు లేరు, కరెంటు ఆదాను నక్షత్రాలతో చూపే స్టార్ లేబుల్ చూసి కొనమని చెప్పేవాళ్లు అంతకన్నా లేరు.

కాబట్టి మీకు నా విన్నపం ఇది. గ్రామ సచివాలయాల్లో కరెంటు పనులు చూసే ఎనర్జీ అసిస్టెంట్లు ఉన్నారు. గ్యారంటీ గడువులోపు పోయిన బల్బును వారికి అప్పగిస్తే వేరొకటి ఇచ్చే ఏర్పాటు చేయించండి. గడువు దాటినవాటికి సరసమైన ధరకు నాణ్యమైన బల్బును అక్కడే అమ్మించండి, కావాలంటే ఆ ధరను రెండు మూడు నెలల బిల్లుల్లో సర్దుకోండి. ఎల్‌ఈడీ పేరుతో అంగళ్లకు వస్తున్న నాసిరకం సరుకును తనిఖీ చేయించండి. అమ్మ వంటింట్లో ఈ రాత్రికీ ఆ 60 క్యాండిల్ బల్బే వెలుగుతోంది.

ఇట్లు,
ఒక గృహ విద్యుత్ వినియోగదారుడు,
ఆత్మకూరు ప్రాంతం, నెల్లూరు జిల్లా